మొదటి అమ్మకం

ఆయన శనివారం పోయాడు. ఆదివారం సమాధి చేశారు. సోమవారం షేర్ బజార్ వేళకి తెరిచి వేళకి మూశారు. ఎవరికీ సెలవు పెట్టాల్సిన పని పడలేదు. ఆయన్ని అడిగినా సరిగ్గా ఇలాగే ఏర్పాటు చేసుకునేవాడు.

సమాధుల తోటలో మట్టి వేసి బయటికొస్తుంటే, ఎవరో వ్యాపారి నా పక్కకి చేరి, గొంతు తగ్గించి, "సార్, రేపు బజారుందా?" అని అడిగాడు. మామూలుగా అయితే నాకు ఒళ్లు మండేది. కానీ పాపం, ఆ మాట అడగడానికి వాళ్లందరికీ ఉన్న ఒకే ఒక్క మనిషిని అప్పుడే మట్టిలో పెట్టి వస్తున్నాం. ఉందని చెప్పాను.

అందరూ ఆయన్ని బాపు అనేవాళ్లు. కిషన్‌బాగ్‌లో మా గల్లీలోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. ఒక గుజరాతీ సేఠ్ దగ్గర పని. సేఠ్ షేర్ బజార్లో సభ్యుడు. సేఠ్ తరఫున హాల్లోకి దిగి గొంతు చించుకునేది మాత్రం బాపు. అది ఎనభైల నాటి మాట. అప్పుడు కంప్యూటర్లూ లేవు, పాడూ లేదు. కటకటాల అవతల మనుషులు గుంపుగా నుంచుని అరిస్తే అదే వ్యాపారం. "లియా" అని అరిస్తే కొంటున్నాడని, "దియా" అని అరిస్తే అమ్ముతున్నాడని అర్థం. మాలాంటి బయటివాళ్లు కటకటాల ఇవతల నుంచుని నోరు మూసుకుని చూడాలి.

నేను కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చినవాణ్ని. అప్పుడు మా ఆఫీసులో అందరికీ షేర్ల గాలి సోకింది. నాకూ సోకింది. ఒకరోజు పొద్దున్నే పర్మిషన్ పెట్టి, అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ షేర్ బజార్‌కి వెళ్లాను. తలుపుకి ఇంత లావు తాళం. ఎదురుగా ఇరానీ హోటల్లో, మండు వేసవిలో కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఒక మనిషి టీ సాసర్లో పోసుకుని తాగుతున్నాడు. చూస్తే మా గల్లీ ఆయనే. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏంది ఆంధ్రా సారూ, గింత పొద్దుగాల ఒచ్చినవ్?"

"బజారు తెరవలేదేం? పదిన్నర దాటిపోయిందిగా."

"పదిన్నరకు తెరిచేది మీ ఆఫీసు. గిది పన్నెండుకు తెరుస్తరు. రెండు కొట్టంగనె బంద్."

"రెండు గంటలేనా! ఇదేం వ్యాపారమండీ?"

"మునిగేటోనికి రెండు గంటలు చాలవా?" అన్నాడు, సాసరు మీంచి కళ్లెత్తకుండానే.

ఇంకోసారి భోజనం చేసి తీరిగ్గా వెళ్లాను. అప్పుడే మూసేశారు. ఇలా కాదని, ఆఫీసుకి సెలవైన రెండో శనివారం చూసుకుని వెళ్లాను. మళ్లీ అదే తాళం. అదే హోటల్లో అదే కోటు. బజారు లేని రోజున ఈయనకి ఇక్కడేం పనో నాకర్థం కాలేదు. "శనివారం, ఆదివారం బజారుండది సారు," అన్నాడు. "నీకు సెలవైన్నాడు దానికీ సెలవే. నీకు పనున్ననాడే దానికీ పని. నౌకరీ చేసేటోనికీ దీనికీ కుదరది. కుదుర్సుకోవాల్నంటె నౌకరీ అన్న మానాలె, లేకుంటె నాలెక్కటోణ్ని పట్టుకోవాలె." నేను రెండోదే చేశాను.

పట్టుకున్న మాటేగానీ, ఆయన దగ్గర పని నేర్చుకోవడం అంత సుఖంగా ఏం లేదు. మనిషి మహా మొండి. రెండు దాటాక షేరు ధర అడిగితే చెప్పడు. "బంద్" అంటాడు, అంతే. ఒకసారి మా గల్లీలో పెళ్లి విందులో, పెళ్లికొడుకు మేనమామ కాబోలు, ఆయన పక్కన కూచుని, "బాపూ, సిమెంట్ షేర్ కొనమంటవా?" అని బతిమాలుకున్నాడు. బాపు విస్తరి మీంచి తల ఎత్తి, "ఇయ్యాల ఆదివారం," అని, పప్పు ఇటు తెమ్మని కేకేశాడు. మేనమామ ముఖం చూడాలి.

ఈ సంగతి ఆయన భార్య దగ్గర అంటే ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిణ్ని మేం అమ్మ అనేవాళ్లం. "ఇంట్ల గూడ గంతే బిడ్డా. ఉప్పు తెమ్మంటె బంద్ అంటడు. నా బజారు ఎప్పుడు తెరుస్తడో నాకింక ఎర్కనే అయితలేదు."

సెలవుల జాబితా బజారు తలుపు మీద అంటించి ఉండేది. అది చదివితే అన్నీ తెలుస్తాయనుకునేవాణ్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది. రంజాన్ పక్కన, నెలవంక కనబడేదాన్ని బట్టి మారవచ్చునని చిన్న అక్షరాల్లో రాసుంది. రంజాన్ ముందు సాయంత్రం మా గల్లీ గల్లీ అంతా డాబాలెక్కి పడమటికి చూస్తోంది. సాయిబుల పిల్లల మధ్య, కోటు వేసుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాపు. నాకు నవ్వాగలేదు.

"మీరు క్రైస్తవులు గదా, మీకెందుకండీ నెలవంక?"

"రేపు బజారున్నదో లేదో ఆడ రాస్తరు," అని ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. నాకూ మర్నాడు మా ఆఫీసులో ఒకాయన షేర్లు అమ్మించే పని ఉంది. నోరు మూసుకుని పక్కన నుంచుని నేనూ చూశాను.

కొత్తవాళ్లెవరొచ్చినా ఆయన మొదట చెప్పే మాట ఒకటుండేది: "బజారు తెరిచుండేది జరంత సేపు, మూసుండేది మస్తు సేపు. తెరిచినప్పుడెట్లుండాల్నో ఎవడైనా నేర్పుతడు. మూసినప్పుడు ఫికర్ లేకుండ ఇంట్ల కూసునుడు నేర్చుకో ఫస్టు." విన్నవాళ్లు తల ఊపి, ఆదివారం రాగానే ఆయనింటికే వెళ్లి ధరలు అడిగేవాళ్లు. నేనూ అడిగాను లెండి.

ఇక దీపావళి. కొత్తవాడు పప్పులో కాలేసే సెలవంటే అదే. జాబితాలో సెలవనే ఉంటుంది. పొద్దంతా తాళమే. కానీ సాయంత్రం దీపాలు పెట్టే వేళ కాసేపు తెరుస్తారు. ముహూర్తం అంటారు దాన్ని. సేఠ్‌లకి అది సంవత్సరాది. కొత్త పద్దు పుస్తకాలకి పసుపూ కుంకుమా పెట్టి, లక్ష్మీపూజ చేసి, శకునానికి తలా కాసిని షేర్లు కొనుక్కుని, మిఠాయిలు పంచుకుని ఇళ్లకి పోతారు. మొదటి ఏడు నేను సెలవే కదా అని ఇంట్లో గారెలు తింటూ కూచున్నాను. రెండో ఏడు బాపు వెంట వెళ్లాను.

వెళ్తూ దారిలో నాకో పెద్ద సందేహం వచ్చింది. "బాపూ, శకునానికి అందరూ కొనేవాళ్లే అయితే అమ్మేదెవరు?"

"చూస్తవు గదా," అన్నాడు.

చూశాను. గంట కొట్టగానే హాల్లో అందరూ "లియా, లియా" అని అరిచారు. అమ్మేవాడు లేడు. అప్పుడు బాపు కోటు సవరించుకుని రెండడుగులు ముందుకేసి, "దియా!" అన్నాడు. అందరి మొహాలూ విప్పారాయి. చప్పట్లు కూడా కొట్టారు. ఆ మొదటి అమ్మకం పడ్డాక మిగిలిన అమ్మకాలు వాటంతటవే సాగాయి. ఆ మొదటిదానికే అందరికీ భయం. పండగపూట అందరికంటే ముందు లక్ష్మిని బయటికి పంపిన ఇంట్లో ఆ ఏడాది మంచి జరగదని వాళ్ల నమ్మకం.

"లాడ్ బజార్‌లో గాజులవాడు బోణీ కోసం పొద్దున్నే ప్రాణం పెడతాడు. ఇక్కడేమో మొదట అమ్మమంటే పారిపోతారు. ఏం మనుషులండీ!" అన్నాను బయటికొచ్చాక.

"గాజులోడు గాజులిచ్చి పైసలు ఇంటికి తెస్తడు. వీళ్లకు గా షేర్ కాగితమే లచ్చిమి. నాకు దీపావళి లేదు గదా, అందుకని నన్ను అమ్మమంటరు. నాకేం బోయింది?" అన్నాడు. అమ్మేది సేఠ్ సరుకే అయినా నోటితో పలికేది బాపు కాబట్టి, ఆ కీడు సేఠ్‌కి అంటదట. నాకు ఈ తర్కం చాలా నచ్చింది. చాన్నాళ్లు ఆఫీసులో చెప్పి నవ్వించాను.

ఆ తర్వాతి దీపావళికి నవ్వు రాలేదు.

బాపుకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెలలు నిండి పుట్టింటికొచ్చింది. పండగ నాలుగు రోజులుందనగా అమ్మ నన్ను పిలిపించింది. వెళ్లేసరికి బాపు గోడవైపు చూస్తూ కూచున్నాడు. అమ్మ కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వన్న చెప్పు బిడ్డా గీయనకు. రెండు సార్ల గూడ దీపావళి ఎనుకనే పోయింది కడుపు. ఊరోళ్లందరి ఇండ్లకు లచ్చిమిని తోలి, మనింట్లకెళ్లి ఎల్లగొడ్తుండు. ఇయ్యేడు అమ్మొద్దని చెప్పు."

"అమ్మా, మీరు ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారు గదా. మధ్యలో ఈ లక్ష్మి గొడవేంటండీ?" అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా.

"ఆదివారం ప్రభువు చూస్కుంటడు. దీపావళినాడు ఎవరు చూస్తరు?"

బాపు గోడవైపే చూస్తూ, "బజారు గట్ల నడవదే. ఒకడు అమ్మాలె గద," అన్నాడు.

"నీ బిడ్డనే దొర్కిందా అమ్మేటందుకు?" అంది అమ్మ. లోపల్నుంచి పిల్ల గుమ్మం పట్టుకుని వచ్చింది. నడవలేక నడుస్తోంది. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాగి పిల్ల నెత్తిన పెట్టింది. "అమ్మనని ఒట్టెయ్యి. ఒట్టి ఒట్టు గాదు, ఒకటి కొనుక్క రావాలె. ఇన్నేండ్లల్ల ఒక్కటన్న మనింటికి తెచ్చినవా?" నిజమే, ఆయన పేరు మీద ఒక్క షేరు లేదు. మిఠాయి దుకాణంలో పనిచేసేవాడు మిఠాయి తినకూడదనేవాడు. చెయ్యి పిల్ల నెత్తి మీంచి తియ్యలేదు. చివరికి "ఒట్టు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

పండగనాడు సాయంత్రం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూచున్నాం. ఒంట్లో బాగా లేదని ఇంట్లో ఉండిపోవచ్చుగా అన్నాను.

"బజారు తెరిచిన దినం ఇంట్ల కూసుంటనా?"

"పోనీ, సేఠ్‌కైనా చెప్పారా?"

"చెప్తె ఏమైతది? వేరేటోణ్ని అమ్మమంటడు. గా వేరేటోనికి పిల్లలు లేరా?" అన్నాడు.

హాలంతా దీపాలు. కొత్త పంచెలు, కొత్త టోపీలు, అత్తరు వాసన. గంట కొట్టారు. "లియా! లియా!" అని ఒకటే అరుపులు. ఒక్క క్షణం ఆగారు. అందరి తలలూ బాపు వైపు తిరిగాయి. బాపు చేతులు కట్టుకుని నుంచున్నాడు. వినపడలేదేమోనని మళ్లీ అరిచారు. రేటు పెంచారు. ఇంకా పెంచారు. అంత గిరాకీ, అంత తక్కువ వ్యాపారం నేనెక్కడా చూళ్లేదు. ముహూర్తం చూస్తే కాసేపే. అది కాస్తా కరిగిపోతోంది. మొదటి వ్యాపారం పడకుండా మూసేస్తే ఏడాదంతా అపశకునమని గొణుగుళ్లు మొదలయ్యాయి.

అప్పుడు బాపు నోరు విప్పాడు. రోజూ బజారు పైకప్పు లేపే గొంతు, నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "లియా. ఒకటి."

ఎవరో నవ్వారు. "ఏం బాపూ, మజాకా? నువ్వు కొనుడేంది?"

"మజాక్ గాదు. నా బిడ్డకు నెలలు నిండినయ్. రెండు సార్లు పోయింది. ఇయ్యాల నా నోటి నుంచి అమ్మకం రాదు. ఎవరన్న ఇస్తె ఒకటి కొనుక్కొని పోత."

ఒక్కడూ నవ్వలేదు. నీకు దీపావళి లేదుగా అని ఒక్కడూ అనలేదు. ఎలా అంటారు? ఆ కీడు నిజమని అందరికంటే గట్టిగా నమ్మింది వాళ్లే. అది నిజమైతే, ఇన్నాళ్లూ దాన్ని ఎవరి నెత్తిన పెట్టి పోయారో అప్పుడే తెలిసింది వాళ్లకి. తలలు దించుకున్నారు. అయినా అమ్ముతానని ఒక్కడూ చెయ్యెత్తలేదు. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

గోడ పక్క కుర్చీలోంచి సేఠ్ లేచాడు. ముసలాయన. హాల్లోకి దిగి అరవడం మానేసి ఏళ్లయింది. దేవుడి పటం కనిపిస్తే చెప్పులు విప్పకుండా దాటని మనిషి. మెల్లిగా మనుషుల్ని తప్పించుకుంటూ వచ్చి బాపు ముందు నుంచున్నాడు.

"లే భాయ్. మేరే ఘర్ కా హై," అన్నాడు. నా ఇంటిదే, తీసుకో అని. ఆపైన గొంతు సవరించుకుని, అలవాటు తప్పినవాడిలా కాస్త తడబడి, "దియా," అన్నాడు.

మొదటి వ్యాపారం పడింది. ఒక్క షేరు విడిగా కొనే పద్ధతి అక్కడ లేదు. ఆ పూటకి ఎవరూ ఆ మాటెత్తలేదు. తర్వాత బాపు మామూలుగా సేఠ్ తరఫున కొనాల్సినవన్నీ గొంతు చించుకుని కొన్నాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "తెచ్చినవా?"

"కొన్న. కాగితం పదిహేను దినాలకొస్తది. లెక్కలన్ని అయినంక ఇస్తరు."

"లచ్చిమి ఒచ్చుటానికి గూడ పదిహేను దినాలా! గిదేం బజారయ్యా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. మిఠాయి పొట్లం మాత్రం తీసుకుంది.

ఆ పదిహేను రోజులు గడవకముందే ఒకనాడు పన్నెండున్నర వేళ మా ఆఫీసు వరండాలో బాపు కనిపించాడు. పనిదినం. బజారు తెరిచి ఉండే వేళ. ఆ వేళప్పుడు ఆయన్ని బయట చూసిన మనిషి లేడు.

"బజారు లేదా ఇవాళ?" అన్నాను. ఇంకేం అడగడానికీ నోరు రాలేదు.

"ఉన్నది," అన్నాడు. కోటు గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. "దవాఖాన నుంచి వస్తున్న. ఆడిపిల్ల. తల్లీ పిల్లా మంచిగున్నరు." అని బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. మా హెడ్ క్లర్కు పరుగున మంచినీళ్లు తెచ్చాడు. ఆ రోజు రెండు కొట్టేదాకా బాపు మా ఆఫీసులోనే కూచున్నాడు. నాకు తెలిసి ఆయన తనకి తాను ఇచ్చుకున్న సెలవు అదొక్కటే.

మొదట అమ్మినందుకు సేఠ్‌కి ఏం మూడుతుందోనని బజారంతా ఆ ఏడు కళ్లు కాయలు కాచేలా చూసింది. ఏమీ కాలేదు. చాలామంది నిరాశపడ్డారు.

మళ్లీ దీపావళి వచ్చింది. ఈసారి కూడా నేనే అమ్ముతానని సేఠ్ ముందే చెప్పేశాడట. ఆ మాట బాపు నా ఎదురుగానే ఇంట్లో చెప్పాడు. అమ్మ మనవరాలికి నూనె రాస్తోంది.

"గాయన కోడలు నీళ్లోసుకున్నదని చెప్తివి గదా మొన్న," అంది.

"అవు. ఐదో నెల."

అమ్మ చేతులు తుడుచుకుని లేచింది. బైబిల్ తీసి, అందులో పెట్టిన షేరు కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "గిది పట్కపో. గిదే అమ్ము. గాయన నోరిప్పకముందే అమ్ము."

"మల్ల మనింటికి..."

"మనింటికి ఒచ్చేది ఒచ్చింది. మనకోసం గాయన భయపడకుండ ఇచ్చిండు. కోడలు కడుపుతోనుంటె మల్ల గాయన్నే ఇయ్యమంటవా? నడువ్, నేనూ వస్త."

అందరం వెళ్లాం. కటకటాల ఇవతల నేనూ, పిల్లని ఎత్తుకుని అమ్మా. గంట కొట్టారు. "లియా, లియా" మొదలైంది. గోడ పక్క కుర్చీలోంచి సేఠ్ లేవబోతున్నాడు. ఆయన నిలబడేలోపలే బాపు కాగితం నెత్తికంటే ఎత్తుగా పట్టుకుని, పైకప్పు అదిరేలా "దియా!" అని కేకేశాడు.

ఆ కేకకి పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. అమ్మ దాన్ని భుజానేసుకుని వీపు నిమిరింది.

"ఏడ్వకు బిడ్డా. మీ తాత అమ్మిండు. ఇగ అందరు కొనుక్కుంటరు."